ఇరవై ఆరో వరుస

మా ఫ్రేముల దుకాణంలో ఆర్డరు పుస్తకం రాసేది నేనే. పోయిన నెల బోధన్ నుంచి వ్యానులో పన్నెండు పాత రంగుల బొమ్మలు దిగాయి. పాత ఇల్లు తీసేసి కొత్తది కడుతున్నామనీ, హాల్లో గోడలకు ఉన్న ఈ బొమ్మలకు అద్దాల ఫ్రేములు కట్టివ్వాలనీ వాటితో వచ్చిన ఆవిడ చెబుతూ ఉంటే, నేను ఆవిడ ముఖం వైపు చూడకుండా మొదటి బొమ్మ ఎడమ అంచు దగ్గరికి వంగాను. పలచబడిన రంగు కింద పెన్సిలు గీత కనబడింది. రెండంగుళాల తర్వాత ఇంకొకటి. టేపు తీయకుండానే పదకొండు బొమ్మల ఎదురుగా వెడల్పు యాభై అంగుళాలని రాశాను. పన్నెండోదాని ఎదురుగా మాత్రం ఏమీ రాయలేదు. నాలుగు రోజులు ఆ చోటు అలాగే ఉంది. ఒక కొలత రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టడం అంతకుముందు ఎన్నడూ జరగలేదు.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, నిజామాబాద్‌లో దుకాణాల మీది అక్షరాలన్నీ మనుషులు నిచ్చెనెక్కి రాసిన రోజులు. మా బావ, అంటే మా అక్క పెనిమిటి, అలాంటి బోర్డులు రాసేవాడు. బట్టల దుకాణమైనా, పళ్ళ డాక్టరైనా, ఎరువుల గోదామైనా, అక్షరం చూసి ఇది ఫలానా ఆయన చెయ్యి అని జనం చెప్పగలిగేవారు. బోధన్ వైపు చెరకు లారీల వెనక కూడా ఆయన వేసిన నెమళ్ళు చాలాకాలం తిరిగాయి. తర్వాత మా ఊరికి ఫ్లెక్సు మిషను వచ్చింది. ఒక ఏడాదిలో కాదు గాని, రెండో ఏడు గడిచేసరికి బావ రంగు డబ్బాల మూతలు ఎండిపోయి స్క్రూడ్రైవరుతో తెరిస్తే గాని రాకుండా అయ్యాయి. మా గల్లీలో ప్రతి మూడో ఇంటి నుంచీ ఒక మగమనిషి గల్ఫ్‌లో ఉన్న కాలం అది. అక్క కూడా బావ పాస్‌పోర్టు తీయించి బీరువాలో పెట్టింది.

నా సంగతి కొంచెం చెప్పాలి. మాది బీడీలు చుట్టే ఇల్లు. నా చదువు ఏడో తరగతితో ఆగింది గాని లెక్క ఆగలేదు. గోడకు ఎన్ని ఇటుకలు పట్టాయో, బస్సులో ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయో లెక్కపెట్టకుండా ఉండటం నాకు చేతకాదు. దానికి మొదలు మా అవ్వ. కట్టకు ఇరవై ఐదు బీడీలు. కార్ఖానాలో చూసేవాడు కట్ట చేతిలోకి తీసుకుని, వదులుగా ఉన్న బీడీని లాగి పక్కన పడేసేవాడు. అందుకని అవ్వ ప్రతి ఇరవై ఐదుకూ పైన ఒకటి చుట్టి గంప అంచున వేరుగా పెట్టేది, పోయినదాని చోట ఉంచడానికి. ఇరవై ఐదు, పైన ఒకటి. ఊపిరి తీసుకున్నట్టు ఆ లెక్క నా చేతుల్లోకి దిగిపోయింది. నా వల్ల జరిగిన నష్టం కూడా అక్కడి నుంచే వచ్చింది.

బోధన్‌లో రిటైరైన వృక్షశాస్త్రం లెక్చరరు ఒకాయన ఉండేవారు. మేం సార్ అనేవాళ్ళం. ఆయన తాతగారి కాలం నుంచి వాళ్ళింట్లో ఒక పెద్ద పుస్తకం ఉంది. తెల్లదొరల ఏలుబడిలో ఊరూరా తిరిగి పిట్టల్నీ చేపల్నీ మొక్కల్నీ, చెరువుల్నీ రాతికొండల్నీ ఉన్నవి ఉన్నట్టు గీసిన చిత్రకారుల అచ్చుబొమ్మలు అందులో ఉన్నాయి. ఒక్కో బొమ్మ పన్నెండున్నర అంగుళాల వెడల్పు, తొమ్మిది అంగుళాల ఎత్తు. కాగితం అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. పుస్తకం పోయేలోపల దాన్ని నాలుగింతల పెద్దది చేసి చేత్తో రంగులు వేయించాలని సార్ కోరిక. ముందు పన్నెండు బొమ్మలు. అవి సరిగ్గా వస్తే మిగిలిన అరవై రెండూ మా బావకే. అంటే మూడేళ్ళ పని. మూడేళ్ళ పని చేతిలో ఉంటే పాస్‌పోర్టు బీరువాలోనే ఉండిపోతుంది. బావ ఆశ అంతా అదే, నాదీ అదే.

సార్ షరతులు మూడు. పుస్తకం గడప దాటకూడదు, అందుకని గీసే పని ఆదివారాలు వాళ్ళింట్లోనే. దాని మీద పెన్సిలు కాదు గదా, వేలు కూడా పడకూడదు. మూడోది మొదటి ఆదివారమే తెలిసింది. ఒక కొంగకు వెనక వేలు లేదు, పాత చిత్రకారుడు మరిచిపోయినట్టున్నాడు. బావ ఆ వేలు పెట్టబోయాడు.

"ఆగు," అన్నారు సార్. "పుస్తకంల ఎట్లుందో అట్లనే దించాలె. తప్పుంటే తప్పు గూడ రావాలె. నీకు తోచింది వేస్తే అది నీ బొమ్మ అయితది, నకలు గాదు."

"కొంగ కుంటిదైతది సార్."

"కానీ. నూరేండ్ల సంది కుంటుతనే ఉన్నది."

బావ నవ్వాడు గాని, నేను ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నాను.

పుస్తకం మీద గీతలు గీయకుండా గళ్ళు ఎలా వేయాలన్నది నాకు వదిలేశారు. ఒక చెక్క చట్రం చేయించి, దాని నాలుగు వైపులా అర అంగుళానికొక చిన్న మేకు కొట్టి, బీడీలకు చుట్టే గులాబీ దారాన్ని అడ్డంగా నిలువుగా లాగి కట్టాను. నాలుగు మూలలా చెక్కముక్కల మీద ఆనించి పుస్తకం మీద పెడితే దారం కాగితాన్ని తాకేది కాదు, బొమ్మ మొత్తం గళ్ళలో కనబడేది. వెడల్పున ఇరవై ఐదు నిలువు వరుసలు, ఒక్కో వరుసలో పద్దెనిమిది గళ్ళు. మొత్తం నాలుగు వందల యాభై. పన్నెండు బొమ్మలకు ఐదు వేల నాలుగు వందలు. బావ గీసే గుడ్డ మీద కూడా అన్నే గళ్ళు, ఒక్కోటి రెండంగుళాలది.

గళ్ళు వేసి పెంచడం బోర్డులు రాసేవాళ్ళందరికీ తెలిసిన పనే. మా పద్ధతిలో మాత్రం ఒక తేడా ఉంది. నేను పుస్తకం దగ్గర కూర్చుని చెప్పేదాన్ని, బావ పుస్తకం వైపు వీపు పెట్టి గీసేవాడు. ఏడో వరుస, ఐదో గడి, మెడ కింది మూల నుంచి లేచి పై అంచు మధ్యలో దాటింది. ఎనిమిదో వరుస, ఐదో గడి, ఖాళీ. అలా గంటల తరబడి. ఇలా గీస్తే చెయ్యి బొమ్మకు లొంగిపోకుండా లెక్కకు కట్టుబడి ఉంటుందని సార్‌కు చెప్పాం. అసలు సంగతి అది కాదు. ఇరవై ఏళ్ళు వీధి అవతలి నుంచి అక్షరాలు చూసుకున్న కన్ను దూరానికి అలవాటు పడింది, నలభై దాటేసరికి బావకు దగ్గరి చూపు మందగించింది. కళ్ళజోడు పెడితే చెయ్యి పోయిందనుకుంటారని పెట్టుకునేవాడు కాదు. పుస్తకంలో ఈక మీది గీత ఆయనకు మచ్చలాగా కనబడేది. ఈ సంగతి సార్‌కు తెలిస్తే మొదటి ఆదివారమే ఆఖరుదయ్యేది. అందుకని సార్ గదిలోకి వచ్చినప్పుడల్లా నా గొంతు కొంచెం తగ్గేది, బావ చెయ్యి కొంచెం వేగం పెరిగేది.

గుడ్డ మీద గళ్ళు గీసేటప్పుడు ఇరవై ఐదు వరుసలు పూర్తయ్యాక కుడివైపున నేను ఇంకొకటి గీసేదాన్ని. పైన ఒకటి. అంచు పీచులేసినా, గుడ్డ వంకర పోయినా పనికొస్తుందని. దాని మీద పైనుంచి కిందిదాకా సుద్దతో ఇంటూ కొట్టి పెడితే, మా ఊళ్ళో గుడ్డ బిగించే వడ్రంగి ఆ వరుసను చట్రం వెనక్కి మడిచేసేవాడు.

"గీ బొమ్మ గూడ కార్ఖానల ఛాట్ అయితదా ఏంది మర్దలా?" అని బావ వేళాకోళం చేసేవాడు. ఛాట్ అంటే బీడీల్లో పనికిరానివని పక్కన పడేయడం. పదకొండు బొమ్మలకు పదకొండు ఇంటూలు కొట్టాను.

పన్నెండోది కొంగల చెరువు. వెనక గుండురాళ్ళ కొండ, ముందు నీళ్ళు, ఎర్రతలల పెద్ద కొంగలు నాలుగు. పుస్తకంలోకెల్లా సార్‌కు ప్రాణమైన బొమ్మ. శనివారం మధ్యాహ్నం ఇంట్లో గుడ్డ పరిచి గళ్ళు గీస్తున్నాను. ఇరవై ఆరో వరుస గీత అయింది, సుద్ద చేతికి తీసుకున్నాను. అప్పుడే అక్క లోపలికి వచ్చింది. వీసా వచ్చిందట. పాస్‌పోర్టు వచ్చే సోమవారం కాక పై సోమవారం లోపల ఇవ్వకపోతే ఆ చోటు వేల్పూర్ మనిషికి పోతుందట.

"ఏజెంటు అంతకు మించి ఆగడట. మీ కొంగలు, బాతులు అయిపోతయా గా లోపట?" అంది అక్క.

"బాతులు అయిపోయినయి. కొంగలే ఉన్నయి," అన్నాడు బావ.

ఆ జవాబుకు అక్క నవ్వలేదు. ఉన్నట్టుండి రంగు సీసాల పెట్టెను కాలితో తోసింది. బావ లేచి నిలబడ్డాడు. వాళ్ళిద్దరూ అరుచుకోవడం అంతకుముందు నేను చూడలేదు. సుద్ద కింద పెట్టి అక్క చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయాను. తిరిగి వచ్చేసరికి బావ గుడ్డను చుట్టి దారం కట్టి గోడకు ఆనించాడు. తెల్లారి బోధన్‌లో ఇరవై ఐదు వరుసలూ చెప్పాను, బావ గీశాడు. నా చెప్పడం అక్కడితో అయిపోయింది. ఇంటూ లేని ఇరవై ఆరో వరుస ఖాళీగా గుడ్డ మీదే ఉండిపోయింది.

రంగులు నిజామాబాద్‌లో, బావ దుకాణంలో పడేవి. కొంగలూ కొండా వేసేటప్పుడు పక్కన కూర్చుని నోటుబుక్కులో రాసుకున్న రంగులు చదివేదాన్ని. నీళ్ళకూ ఆకాశానికీ నా చదువుతో పని లేదు, అవి బావ ఒక్కడే వేసుకునేవాడు. కొంగలూ కొండా అయిపోయాక ఆ వారం మిగిలిన రోజులు నేను ఇంట్లో కూర్చుని, ఆదివారాలు పోగొట్టుకున్న బీడీలు పూర్తి చేస్తున్నాను. గురువారం అన్నానికి వచ్చిన బావ చెయ్యి కడుక్కుంటూ అడిగాడు.

"చివరి వరుస ఖాళీగున్నది మర్దలా. గండ్ల ఏమున్నదో రాసుకున్నవా?"

చివరి వరుస అంటే నాకు ఇరవై ఐదే. అందులో ఉన్నవి నీళ్ళే. నోటుబుక్కు తీస్తే, ఇరవై ఐదో వరుస కూడా నేను చెప్పాననీ, బావ గీశాడనీ, మరి ఖాళీగా ఉన్నది ఇంకేదో అయి ఉండాలనీ తెలిసేది. నోటుబుక్కు మూడు అడుగుల దూరంలో ఉంది. కాని నా చేతిలో పంతొమ్మిదో బీడీ ఉంది. మధ్యలో లేస్తే కట్ట లెక్క తప్పుతుందని లేవలేదు.

"నీళ్ళే బావా," అన్నాను.

ఆదివారం నాడు పన్నెండు బొమ్మల్నీ పాత దుప్పట్లలో చుట్టి టెంపోలో బోధన్ తీసుకుపోయాం. మర్నాడే ఏజెంటు పెట్టిన సోమవారం. బావ ఉతికిన చొక్కా వేసుకున్నాడు. దారంతా చెరకు బండ్లు అడ్డం వస్తూ ఉంటే నేను వాటిని లెక్కపెట్టి మనసును పక్కకు మళ్ళించాలని చూశాను. ముప్పై రెండు దాకా గుర్తుంది.

సార్ ఇంటి హాల్లో గోడలకు టేకు పట్టీలు కొట్టి పన్నెండు చౌకట్లు చేయించి ఉంచారు. బొమ్మలకు వేరే ఫ్రేములు లేవు, వచ్చి ఆ చౌకట్లలో కూర్చోవాలి. కొలతల చీటీ నేనే రాసిచ్చాను. చేసింది సరిహద్దు అవతలి నుంచి వచ్చి బోధన్‌లో స్థిరపడిన మరాఠీ వడ్రంగి, డెబ్బై దాటిన మనిషి. సార్ భూతద్దం పట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. పుస్తకం ఒళ్ళో, బొమ్మ ఎదురుగా. ఒక్కో ఈకనూ ఒక్కో పొలుసునూ పోల్చి, తల ఊపితే వడ్రంగి బొమ్మను చౌకట్టులోకి నొక్కేవాడు. టక్కుమని లోపలికి పోయేది. మొదటి దానికి అరగంట పట్టింది. కుంటి కొంగ దగ్గర సార్ భూతద్దం ఆగింది. వేలు లేదు. సార్ మీసం కింద నవ్వారు. ఆరు, ఏడు, ఎనిమిది. నేను శబ్దాలు లెక్కపెడుతున్నాను. పదకొండో టక్కు తర్వాత బావ నా వైపు చూసి ఒక కన్ను గీటాడు.

మధ్యాహ్నమైంది, సార్‌కు ఆకలవుతున్నట్టుంది. "ఇది ముందు గోడకెక్కియ్యి, ఆడనే నిలబడి చూస్త," అన్నారు. వడ్రంగి పన్నెండోదాని దుప్పటి తీసి ఎత్తాడు. ఎడమ వైపు కూర్చుంది. కుడి వైపు పట్టీకి తగిలి ఆగింది. తిప్పి పెట్టి చూశాడు. మళ్ళీ ఆగింది.

"చౌకట్టు చిన్నగ కొట్టినవ్ తాతా," అన్నాడు బావ.

ముసలాయన బొడ్డులోంచి మడత స్కేలు తీసి పట్టీ నుంచి పట్టీకి కొలిచాడు. "మాఝ మాప్ బరోబర్ ఆహే," అన్నాడు. నా కొలత సరిగ్గానే ఉందని.

"బరోబర్ ఉంటె ఎందుకు వడ్తలేదు? పదకొండు పట్టినయి గద. నువ్వు అలసిపోయి ఆఖరిది తప్పు కొట్టినవ్," అన్నాడు బావ. గొంతు పెరిగింది. రేపటి సోమవారం ఆ గొంతులో ఉంది.

సార్ కూడా ఆయన మీదికే తిరిగారు. "నీకు కండ్లు కనబడ్తలేవని పోయిన్సారే అన్న. పట్టీ ఊడగొట్టు, కొత్తది ఇంకొకలతోని కొట్టిస్త."

కళ్ళు కనబడని మాట విని బావ ముఖం ఒక్కసారి మారింది, నేను చూశాను. ముసలాయన స్కేలు మడిచాడు, తెరిచాడు, మళ్ళీ అదే చౌకట్టు కొలవడం మొదలుపెట్టాడు.

అప్పటికి నా కళ్ళు బొమ్మ పై అంచున పెన్సిలు గీతల వెంట పోతున్నాయి. పూర్తయిన బొమ్మను నేను చూడటం అదే మొదటిసారి. ఇరవై మూడు, ఇరవై నాలుగు, ఇరవై ఐదు. ఇరవై ఆరు. ఆ వరుసలో నీళ్ళ మధ్య ఒక గుంజ, గుంజ మీద లకుముకిపిట్ట. నీలం రంగు అంత నీలంగా ఉండగలదని నాకు అంతవరకూ తెలియదు. వరుసలో పట్టక దాని ముక్కు కొస, వడ్లగింజంత, ఇరవై ఐదులోకి పొడుచుకు వచ్చింది.

నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేదో కూడా లెక్కగట్టాను. పట్టీ ఊడేది, రెండంగుళాలు జరిగేది. సార్ ఆకలి మీద ఉన్నారు, పిట్టను చూసేవారో లేదో. అరవై రెండు బొమ్మలు వచ్చేవి. ముసలాయనకు ఆ ఇంట్లో ఇక పని ఉండేది కాదు, అంతే. ఒకవైపు మూడేళ్ళు, ఇంకోవైపు నాకు పేరు కూడా తెలియని మనిషి మడత స్కేలు. లెక్క తేలడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ముసలాయన మూడోసారి కొలవడానికి వంగినప్పుడు నా నోరు తెరుచుకుంది.

"సార్, చౌకట్టు మంచిగనే ఉన్నది. బొమ్మనే రెండంగుళాలు ఎక్కువున్నది. కుడిదిక్కు వరుస పుస్తకంల లేదు. లెక్క తప్పింది నేను."

బావ నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను. సార్ లేచి వచ్చి, భూతద్దం కుడి అంచుకు పెట్టి, పైనుంచి కిందికి పద్దెనిమిది గళ్ళూ చూశారు. పిట్ట దగ్గర చాలాసేపు ఆగారు.

"ఈ పిట్ట ఎక్కడిది?"

నీళ్ళే అని చెప్పింది నా మరదలే అని బావ అనవచ్చు. అది నిజం కూడా. "నేనే పెట్టిన సార్," అన్నాడు. "బస్సుల వస్తుంటె కాలువ కాడ ప్రతిసారి కనబడ్తది. ఒట్టి నీళ్ళు సూస్తె చెయ్యి ఆగలే."

"మంచిగున్నది," అన్నారు సార్. భూతద్దం దించి కళ్ళు తుడుచుకున్నారు. "కాని పుస్తకంల లేదు."

వడ్రంగి బొమ్మను బోర్లా వేసి, మేకులు పీకి, చట్రం కర్రలు రెండంగుళాలు కోశాడు. గుడ్డకు కూడా రంపం పక్కనే ఉన్న కత్తెర అందుకున్నాడు. సార్ అతని చెయ్యి పట్టుకుని, "కొయ్యకు, మడువు," అన్నారు. పిట్ట వెనక్కి పోయింది. మేకులు దిగాయి. టక్కుమని పన్నెండోది గోడలో కూర్చుంది. కుడి అంచున ముక్కు కొస మాత్రం నీళ్ళలో పుల్లలాగా మిగిలిపోయింది. సార్ భూతద్దంతో దాన్ని కూడా చూశారు. తుడిచేయమని అంటారని బావ కుంచె తీశాడు. సార్ వద్దన్నట్టు చెయ్యి ఊపి కుర్చీలోకి పోయారు.

మిగతా బొమ్మల సంగతి ఆలోచించి చెప్తానన్నారు. ఆ మాటకు అర్థం బావకూ తెలుసు, నాకూ తెలుసు.

తిరుగు బస్సు సగం దారి దాటింది. బావ కిటికీ వైపే ముఖం పెట్టి, "ఎందుకు జెప్పినవ్ మర్దలా?" అన్నాడు.

"తాత మల్ల మల్ల కొలుస్తుండె బావా."

కాలువ దగ్గర బస్సు నెమ్మదించింది. బావ నా భుజం తట్టి బయటికి చూపించాడు. "అగో, ఆడనే ఉన్నది." తీగ మీద నీలంగా ఏదో మెరిసింది. దగ్గరివి కనబడని ఆ కళ్ళకు అంత దూరంలోది నాకన్నా ముందు కనబడింది.

సోమవారం పాస్‌పోర్టు ఏజెంటు చేతికి పోయింది. అన్నాళ్ళూ పొమ్మన్న అక్క, ఆ రోజు బావ కుంచెలన్నీ కిరోసిన్‌లో కడిగి, వెంట్రుకలు సరిచేసి, తన పాత చీర ముక్కలో చుట్టి బీరువాలో పాస్‌పోర్టు తీసిన చోటే పెట్టింది. బావ పదకొండేళ్ళు అక్కడ గోడలకు రంగు వేశాడు, దాదాపు అన్నీ ఒకే తెలుపు. తిరిగి వచ్చాక బ్రష్షు ముట్టలేదు. ఇప్పుడాయనకు రెండు కళ్ళూ మసక, ఎదుటి మనిషిని గొంతుతో గుర్తుపడతాడు. నేను గళ్ళ లెక్క పట్టుకునే ఈ ఫ్రేముల దుకాణంలో చేరాను. ఆ తప్పు గురించి మా ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే కొంత తేలికయ్యేది.

వ్యానులో బొమ్మలు తెచ్చిన ఆవిడ సార్ కూతురు. సార్ పోయి రెండేళ్ళయిందని చెప్పింది. నాలుగో రోజు మధ్యాహ్నం ఆవిడకు ఫోను చేసి అడిగి, పన్నెండోదాని వెనక మేకులు ఒక్కొక్కటే పీకాను. ఇరవై రెండు మేకులు. ముందు వైపు కొంగల ఎరుపు, కొండ, ఆకాశం, అన్నీ పడమటి కిటికీ ఎండకూ సాంబ్రాణి పొగకూ చాయ్ రంగులోకి దిగిపోయాయి. మడత విప్పాను. పిట్ట ఆ గురువారం నాటి నీలంతోనే ఉంది. పాతికేళ్ళు గోడ వైపు తిరిగి ఉన్నది కదా, దానికి ఎండ తెలియదు.

ఆటోలో పెట్టుకుని అక్క ఇంటికి తీసుకుపోయాను. అక్క చూసి కొంగుతో నోరు కప్పుకుంది. బావను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, గుడ్డ ఆయన మోకాళ్ళ మీద పరిచి, ఎదురుగా కూర్చుని పాత పద్ధతిలోనే చెప్పడం మొదలుపెట్టాను. ఇరవై ఆరో వరుస, ఒకటో గడి, ఆకాశం. రెండు, ఆకాశం. పదకొండో గడి దగ్గర గుంజ అన్నాను.

"గుంజ పన్నెండు కాడ," అన్నాడు బావ. చూశాను. పన్నెండే.

ఆయన ముఖం గుడ్డకు బాగా దగ్గరగా తెచ్చుకున్నాడు, తర్వాత చెయ్యంత దూరం జరిపాడు. నీలంగా ఏదో ఉన్నట్టు తెలుస్తున్నదన్నాడు. సార్ కూతురు మీ ఇష్టం అన్నదనీ, ఈసారి మడవకుండా యాభై రెండు అంగుళాల ఫ్రేము కట్టిస్తాననీ, పిట్ట అందరికీ కనబడుతుందనీ గబగబా చెప్పాను. ఇన్నేళ్ళుగా బాకీ పడ్డ మాట చెబుతున్నట్టు అనిపించింది.

బావ వేలితో అంచు వెతుక్కున్నాడు. "ముక్కు బయటికి ఉండేనా ఇన్ని దినాలు?"

"ఉండె బావా. సార్ తుడవనియ్యలే."

"సాలు తియ్యి. మడిచెయ్యి మర్దలా. ఎండ తాకితె రెండేండ్లల్ల గిది గూడ పోతది."

ఇప్పుడు మా దుకాణానికి వారానికి ఐదారు బొమ్మలు ఫోనులో తెప్పించుకున్నవి వస్తాయి. అవే పాత పిట్టలు, అవే పాత చెరువులు. చేత్తో వేసినవని వెనక చీటీ అంటించి ఉంటుంది. నేను వాటి అంచుల్లో పెన్సిలు గీత కోసం వెతుకుతాను, దొరకదు. కొలతలు ఎప్పుడూ అంగుళంలో పదోవంతు కూడా తప్పవు. మిషను దగ్గర ఎవరూ ఎవరికీ గళ్ళు చదివి చెప్పరు, కట్ట మధ్యలో లేవలేక ఎవరూ నీళ్ళే అనరు. బొమ్మలో తప్పు రావడానికి ఇద్దరు మనుషులు కావాలని, ఆ ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి నమ్మకం ఉండాలని ఇప్పుడు ఎవరికైనా చెబితే నవ్వుతారేమో.

దుకాణానికి తిరిగి వచ్చి గుడ్డను ఇరవై ఐదో గీత వెంట మడిచాను. ఇరవై రెండు మేకులూ నేనే కొట్టాను. ఆర్డరు పుస్తకం తీసి, పన్నెండోదాని ఎదురుగా వెడల్పు యాభై అని రాశాను. బొమ్మ నిలబెట్టి చూస్తే కుడి అంచున వడ్లగింజంత నల్లటి ముక్కు నీళ్ళలోకి చూస్తూ ఉంది.